చెల్లిపోయిన జోస్యముల అంగడి

పుస్తకజాతిలో రాజకీయ గ్రంథమంత త్వరగా ముదిసిపోవునది వేరొకటి లేదు. కావ్యము వేయేండ్లు నిలుచును. వంటల పుస్తకము సైతము అత్త నుండి కోడలికి సంక్రమించి ఒక తరము అదనముగా బ్రదుకును. కాని ఒకానొక సంక్షోభమును గూర్చియో, ఒకానొక సంధిపత్రమును గూర్చియో, ఫలానా రాజ్యము రాబోవు పదేండ్లలో ఏమి కానున్నదను విషయమును గూర్చియో పండితుడు ఏండ్ల తరబడి శ్రమించి వ్రాసిన గ్రంథము, ఆ సంక్షోభము అణగిన మరునాటి నుండియే వృద్ధాప్యమును పొంది, యజమాని ఇల్లు మారునప్పుడు తూకమునకు పోవు మొదటి కట్టలో చేరును.

అందుచేతనే ఆదివారమునాడు హైదరాబాదు ఆబిడ్సులో, పెద్ద దుకాణములు సెలవు పుచ్చుకొనగా వాని ముంగిటి కాలిబాటలపై పరచిన పుస్తకరాసులలో, పైవరుసను పోటీపరీక్షల గైడులును, ఆంగ్ల డిటెక్టివు నవలలును, విజయరహస్యములను బోధించు గ్రంథములును మెరయుచుండగా, అన్నిటికిని అడుగున అట్ట ఊడిన ఆత్మకథలును, పదవి పోయిన పిదప మంత్రులు వ్రాసికొనిన సమర్థనలును, రాయబారుల స్మృతులును దొరకును. "ఏది తీసుకున్నా యాభై సార్!" అన్న కేక ఎక్కువగా ఆ అడుగు వరుసను ఉద్దేశించియే పుట్టినది. విజయవాడ లెనిన్ సెంటరు పాతపుస్తకాల కొట్లలోను, కలకత్తా కాలేజి వీధిలోను ఇదే మర్యాద. మద్రాసు మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతియైనది గనుక, అక్కడ పుస్తకములు కొని చదివి పెద్దవారైన తెలుగువారు దానిని తలచుకొని నిట్టూర్చుటయే తప్ప చేయగలిగినది లేదు. ఢిల్లీలో దరియాగంజి ఆదివారపు సంత కాలిబాట నుండి తొలగింపబడి 2019లో మహిళా హాట్ ఆవరణములోనికి మారినది. నీడ, ప్రహరీ అమరినవి గాని, నడచిపోవువాని కాలికి పుస్తకము తగులుట యను ఆ అదృష్టము మాత్రము కొంత తగ్గినది.

ఇట్టి గ్రంథములను ఏరి తెచ్చి, దుమ్ము దులిపి, రచయిత సంతకమున్న ప్రతి దొరికినచో మురిసిపోవు జాతి ఒకటి కలదు. ఆ జాతిలో నేనును ఒకడను. పొరబడిన జోస్యముల కొరకు అలమారలు చేయించువాడు ఇల్లు కట్టుకొనుటకు తగడని ఇంటివారి నిశ్చితాభిప్రాయము. దానికి నేను చెప్పు సమాధాన మొక్కటే: జరిగిపోయినదానిని ఇప్పుడు వ్రాయు చరిత్రకారునికి ఫలితము ముందే తెలియును, అతని గ్రంథములో ప్రతి కారణమును తన కార్యమువైపు బుద్ధిగా నడచుచుండును. ఫలితము తెలియని నాటి మనుష్యుడు ఏమి చూచెను, ఏమి ఆశించెను, దేనిని చూడ నిరాకరించెను అను విషయము కాలము చెల్లిన గ్రంథములోనే దొరకును. అవి పొరబడినవి గనుకనే పనికివచ్చును.

సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ అను ఆంగ్ల దంపతులు, జీవితమంతయు గణాంకములను, నివేదికలను నమ్ముకొన్నవారు, 1935లో సోవియట్ వ్యవస్థను గూర్చి రెండు బృహత్సంపుటములు ప్రకటించి, వానికి సోవియట్ కమ్యూనిజము, ఒక నూతన నాగరికతయా? అని అర్థము వచ్చు పేరు పెట్టిరి. 1937 నాటి ముద్రణమున ఆ ప్రశ్నార్థకమును తొలగించిరి. మాస్కోలో లెనిన్ సహచరులను బోనులో నిలిపి విచారణలు సాగించుచున్న రోజులవి! పండితులకు సందేహము తీరినది సరిగా సందేహింపవలసిన ముహూర్తమున. ఒక్క ముద్రణమే గలవానికి ఈ సంగతి ఒక వదంతి వంటిది. రెండును ప్రక్కప్రక్కన నున్నవానికి అది కంటికి కనబడు సత్యము. అర్ధశతాబ్దము గడచిన పిదప ఆవలి పక్షమున ఇదే వింత తిరిగి జరిగినది. 1989 వేసవిలో ఫ్రాన్సిస్ ఫుకుయామా అమెరికాలోని ఒక పత్రికలో చరిత్ర ముగిసినదా అని ప్రశ్నించు వ్యాసము వ్రాసెను. 1992లో అది గ్రంథమైనప్పుడు శీర్షికలోని ప్రశ్నార్థకము కనబడదు. ఆ నడుమ సోవియట్ రాజ్యము కూలినది గదా, ఇక ప్రశ్న ఎందులకని కాబోలు.

ముద్రణములను పోల్చి చూచు అభ్యాసము సేకర్తకు తొలి విద్య. ఇ.హెచ్. కార్ వ్రాసిన 'ఇరువదేండ్ల సంక్షోభము' అంతర్జాతీయ వ్యవహారముల విద్యార్థికి నేటికిని పాఠ్యగ్రంథము. అది అచ్చై వెలువడునప్పటికి 1939 సెప్టెంబరు వచ్చినది, యుద్ధము మొదలైనది. మ్యూనిక్ ఒడంబడికను శాంతియుతమైన మార్పునకు నిదర్శనముగా ఆ తొలి ముద్రణమున అతడు పేర్కొనెను. యుద్ధానంతరము వచ్చిన రెండవ ముద్రణమున ఆ వాక్యములు లేవు. లోకము చదువునది రెండవదానిని. కనుక తొలి ముద్రణము చేతికి వచ్చినచో అట్ట చినిగినదని వెనుకాడవలదు. నార్మన్ ఏంజెల్ 1910లో 'మహాభ్రాంతి' యను గ్రంథమున ఈ యుగములో యుద్ధము జయించినవానికి సైతము గిట్టుబాటు కాదని వాదించెను, దానిని ఎందరో ఇక యుద్ధమే రాదని అర్థము చేసికొనిరి, నాలుగేండ్లకు యుద్ధము వచ్చినది. ఆ పిదప 1933 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి అతనికి లభించుట లోకపు హాస్యప్రియత్వమునకు గుర్తో, న్యాయబుద్ధికి గుర్తో నేను చెప్పజాలను. అతడు చెప్పినది నిజమే గదా, యుద్ధము ఎవరికిని గిట్టలేదు.

ఇంతకు ఈ పుస్తకములు మన ఊళ్లకు ఏ దారిని వచ్చినవి? మొదటి దారి లండను నుండి. విక్టర్ గొలాంజ్ 1936లో స్థాపించిన లెఫ్ట్ బుక్ క్లబ్బు, నెలకొక గ్రంథమును నారింజ రంగు మెత్తని అట్టతో సభ్యులకు చవుకగా పంపుచుండెను. 1939 నాటికి సభ్యుల సంఖ్య 57,000 వరకు పెరిగినది. అట్టమీద, ఇది బజారున అమ్మకమునకు కాదన్న హెచ్చరిక అచ్చు వేయబడియుండును. ఆ హెచ్చరిక గల ప్రతులే నేడు కాలిబాటమీద అమ్ముడగుచున్నవి. చైనా విప్లవకారుల గుహలకు పోయి వచ్చి ఎడ్గర్ స్నో వ్రాసిన గ్రంథమును 1937లో సభ్యులకు అందించినది ఈ సంస్థయే. రజనీ పామీ దత్ 'నేటి భారతము'ను 1940లో అచ్చు వేసినదియు ఇదియే. దత్ గ్రంథమును ఆంగ్ల ప్రభుత్వము మన దేశమునకు రానీయలేదు. కనుక ఆ నాటి నారింజ ప్రతి ఎక్కడనైన కనబడినచో, అది ఎవరి పెట్టె అడుగున, ఏ బట్టల మడతలలో రేవు దాటినదో యని కొంత ఊహించుకొనుటకు అధికారము కలుగును. అదే కాలమున పెంగ్విన్ వారి నీలి అట్టల పెలికన్ గ్రంథమాలకు తొలి సంపాదకులలో మన వి.కె. కృష్ణమీనన్ ఉండెనని, తరువాత రక్షణమంత్రిగా ఆయనను నిందించిన వారిలో ఎందరు ఎరుగుదురు? పుస్తకముల ఎంపికలో ఆయనకు దొరకిన యశస్సు రాజ్యాంగ వ్యవహారములలో దొరకలేదు.

రెండవ దారి మాస్కో నుండి. ప్రగతి ప్రచురణాలయము వారి గట్టి బైండింగు, తెల్లని కాగితము, చేతికందు ధర, వీనిని ఎరుగని తెలుగు ఇల్లు ఒక తరములో తక్కువ. ఉప్పల లక్ష్మణరావు వంటి రచయిత మాస్కోలో కూర్చుండి అనువదించిన గ్రంథములు, విశాలాంధ్ర వారి సంచార వాహనములలో కృష్ణా గుంటూరు మండలముల పల్లెల దాక ప్రయాణము చేసినవి. 1991 పిదప ఆ ప్రవాహము ఆగిపోయినది. ఇప్పుడు పాతకొట్లలో సోవియట్ బాలసాహిత్యమునకు గిరాకి హెచ్చుగా నున్నది. ఇరువదైదవ పార్టీ మహాసభ నివేదికను అడుగువాడు లేడు. అడుగువాడు లేనప్పుడే తీసికొనవలెను. అమెరికా వారును ఊరకుండక, తమ గ్రంథాలయముల ద్వారమునను, విద్యార్థుల కొరకు చవుక ముద్రణముల రూపమునను తమ వాదమును పంచిపెట్టిరి. రెండు మహారాజ్యముల వాదవివాదమునకు మన అలమారలు చవుకలో వేదికలైనవి.

తెలుగువాని చేతిమీదుగా వచ్చిన రాజకీయ గ్రంథములలో మొదట చెప్పవలసినది భోగరాజు పట్టాభి సీతారామయ్య వ్రాసిన కాంగ్రెసు చరిత్ర. కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భమున 1935లో, రాజేంద్రప్రసాదు పీఠికతో, కార్యవర్గము వారు ప్రకటించిన ఈ గ్రంథము పాతకొట్లలో అరుదు కాదు. రెండవ సంపుటము 1947లో వచ్చినది. ఈ రెంటి నడుమ పట్టాభి అహమ్మదునగరు కోటలో బందీగా నుండెను. ఆ కోట గోడల నడుమ పుట్టిన పుస్తకములను ఒక వరుసగా పెట్టుకొనవలెనని నాకు చిరకాలముగా కోరిక: పట్టాభి 'ఈకలు, రాళ్లు' అను ఆంగ్లగ్రంథము, ఆజాదు ఉర్దూ లేఖలు, నెహ్రూ 'భారత దర్శనము'. నెహ్రూ గ్రంథమును 1946లో కలకత్తా సిగ్నెట్ ప్రెస్సు వారు ప్రచురించిరి. దాని ముఖచిత్రమును రచించినవాడు అప్పటికి చలనచిత్రములు తీయని యువచిత్రకారుడు సత్యజిత్ రాయ్. ఒకే అట్టమీద ఇద్దరు మహానుభావులు. అందుచేత ఆ పైచుట్టు కాగితము చినుగకుండ నిలిచిన ప్రతికి, ఊడిన ప్రతికి ధరలో హస్తిమశకాంతరము.

ఆజాదు విషయమున మరియొక చిక్కు కలదు. ఆయన చెప్పగా హుమాయూన్ కబీరు ఆంగ్లమున కూర్చిన స్వాతంత్ర్యోద్యమ స్మృతులు, ఆయన మరణించిన మరుసటి ఏట, 1959లో వెలువడినవి. అందలి ముప్పది పుటలను మాత్రము ముద్రవేసి జాతీయ గ్రంథాలయమునను, జాతీయ అభిలేఖాలయమునను భద్రపరచి, ముప్పదేండ్ల వరకు తెరువరాదని నిర్ణయించిరి. 1988లో అవి చేరి సంపూర్ణ ముద్రణము వచ్చినది. ఆ ముప్పదేండ్లును ఆ పుటలలో ఏమున్నదోయని దేశమంతయు ఊహించినది. తెరచిన పిదప కొందరికి అంతేనా యనిపించినది. సేకర్త మాత్రము 1959 ప్రతిని, 1988 ప్రతిని కలిపియే ఉంచుకొనవలెను. మొదటిదానిలో లేనిదేదో తెలియుటకు రెండవది కావలెను గదా.

హైదరాబాదులో కొనువానికి ఒక సొంత అలమార సిద్ధముగా నున్నదని నేను తరచు మిత్రులతో అందును. సంస్థానముపై 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసు చర్యను, ఆ అయిదు దినముల వ్యవహారమును, నలుగురు వ్రాసిరి. సంస్థానముల శాఖ కార్యదర్శియైన వి.పి. మీనన్ 1956లో సంస్థానముల విలీనగాథ వ్రాసెను. అది ఆఫీసు దస్త్రమువలె చల్లగా నడచును. నిజాము కొలువున భారత ప్రభుత్వ ప్రతినిధిగా నుండిన కె.ఎం. మున్షీ 1957లో 'ఒక యుగాంతము' ప్రకటించెను. అతడు నవలాకారుడు గనుక పాత్రలు లేచి నిలుచును. గృహనిర్బంధము నుండి 1950లో తప్పించుకొని పాకిస్తాను చేరిన నిజాము కడపటి ప్రధాని మీర్ లాయక్ అలీ 1962లో 'హైదరాబాదు విషాదము' వ్రాసెను. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెలంగాణ ప్రజాపోరాటమును, దాని గుణపాఠములను గ్రంథస్థము చేసెను. ఈ నాలుగింటిలో ఏ రెండును ఒకే ఊరిని వర్ణించుచున్నట్లు తోచవు. మీనన్ గ్రంథములో రైతు కనబడడు. సుందరయ్య గ్రంథములో మీనన్ వంటి కార్యదర్శి మనుష్యుడుగా కనబడడు. నాలుగును ఒకే అరలో నిలిపి, రాత్రి దీపమార్పిన పిదప అవి తమలో తాము పోట్లాడుకొనునని నమ్మునంత పిచ్చి మాత్రము నాకు లేదు గాని, పగలు చదువునప్పుడు ఆ పోట్లాట చక్కగా వినబడును.

ఇక సంతకముల మాట. లోకములో సంతకమున్న పుస్తకమునకు వెల హెచ్చునని అందరికిని తెలియును; ఏ సంతకమునకు హెచ్చవలెనో తెలిసినవారు తక్కువ. గాంధీజీ తన సంతకమునకు అయిదు రూపాయలు వసూలు చేసి హరిజన నిధికి చేర్చుచుండెను. ఆ వర్తకములో మోసము లేదు. అమెరికా నాయకులకు వచ్చు ఉత్తరములు, పుస్తకములు లెక్కకు మిక్కిలి యగుటచే, సంతకము చేయు యంత్రమును వారు ఉపయోగించిరి. కెనడీ సంతకములలో యంత్రము చేసినవెన్నియో చార్లెస్ హామిల్టన్ అను సంతకముల వ్యాపారి 1965లో ఒక గ్రంథమే వ్రాసి నిరూపించెను. దానిని గుర్తుపట్టు ఉపాయము సులభము: మనుష్యుని చేయి ఒకే పేరును రెండుమార్లు ఒకే తీరున వ్రాయజాలదు. రెండు సంతకములు ఒకదానిపై ఒకటి పెట్టినప్పుడు వెంట్రుకవాసి భేదము లేక కలిసినచో, అది చేతి పని కాదు. గీత ఆద్యంతములు ఒకే ఒత్తిడితో నడచి, మొదటను చివరను చుక్క పడియుండుట మరియొక గుర్తు. యంత్రమే అక్కరలేదు, ప్రథమ పుటపై సంతకపు ప్రతిరూపమును అచ్చు వేయుట మన ప్రచురణకర్తల కిష్టమైన అలంకారము. భూతద్దములో చూచినచో అచ్చుసిరా చుక్కలుగా విడును; కలము సిరా కాగితపు పోగులలోనికి దిగును, వేలితో తడిమిన వెనుకవైపు ఒత్తు తెలియును. కార్యదర్శి చేసిన సంతకము వీని అన్నిటికంటె దుస్సాధ్యము, ఏలయన అదియు మనుష్యుని చేతి పనియే.

నేటి ప్రచురణ సంస్థలు కొన్ని విడికాగితములను రచయిత ఇంటికి పంపి, వేలకొలది సంతకములు చేయించి, వానిని పుస్తకములలో చేర్చి అంటించుచున్నవి. అట్టి ప్రతియెడల నాకు గౌరవము తక్కువ. రచయిత ఆ పుస్తకమును తాకనే లేదు. ఫలానావానికి అని పేరు వ్రాసి, తేది వేసి ఇచ్చిన ప్రతిని వర్తకులు కొందరు పేరున్నదన్న కారణముచే తగ్గించి కొందురు. నేను సరిగా దానికే ఎక్కువ ఇత్తును. తేదితో కూడిన సంతకము ఒక వాంగ్మూలము: ఈ దినమున, ఈ మాటలను నేను నమ్ముచున్నానని రచయిత ఒప్పుకొనుట.

దీనికి కె.ఎం. పణిక్కరు 'రెండు చైనాలు' మంచి ఉదాహరణము. చియాంగు ప్రభుత్వము వద్దను, దాని పిదప మావో ప్రభుత్వము వద్దను మన రాయబారిగా 1948 నుండి 1952 వరకు నుండి, 1950 అక్టోబరులో అర్ధరాత్రి చౌ ఎన్‌లై పిలిపించి, అమెరికా సేనలు ముప్పది యెనిమిదవ అక్షాంశమును దాటినచో చైనా కొరియాలో దిగునని హెచ్చరింపగా ఆ మాటను లోకమునకు అందించినవాడు ఆయన. వాషింగ్టనువారు ఆయనను నమ్మలేదు, చైనా దిగినది. అక్కడ ఆయన పక్షమే నిజమైనది. పంచశీల ఒప్పందము కుదిరిన మరుసటి ఏడు, 1955లో, ఆ గ్రంథము వెలువడినది. చైనాను గూర్చిన ఆయన ధీమా 1962 తరువాత చదువువానికి వేరుగా ధ్వనించును. ఒకే మనుష్యుడు ఒకే పుస్తకములో ఇంత సరిగాను, ఇంత పొరబాటుగాను ఉండగలడని నాకు నేర్పినది అదియే. 1955కును 1962కును నడుమ తేది వేసి ఆయన సంతకము చేసిన ప్రతి నాకింకను దొరకలేదు, వెదకుచున్నాను.

కొన్నవానిని కాపాడుట వేరొక వ్రతము. యుద్ధకాలపు ఆంగ్లముద్రణములపై పుస్తకముమీద సింహము గల చిహ్నమును చూచినచో, అది కాగితపు కరవు నాటి నిబంధనల ననుసరించి అచ్చైనదని గ్రహింపవలెను. ఆ కాగితము పలుచన, అంచులు అప్పడమువలె విరుగును. పారదర్శకపు అంటుపట్టీ వేసినవాడు పుస్తకమునకు శత్రువు, అది కొన్నాళ్లకు పచ్చబడి కాగితమును తినివేయును. బయట గోడకు ఆనించి అలమార పెట్టరాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నదియు వెనుక అట్టలోపల పెన్సిలుతో, పెన్సిలుతో మాత్రమే, వ్రాసికొనవలెను. గ్రంథాలయపు ముద్ర యుండి, తొలగించిన గుర్తు లేనిచో, ఆ పుస్తకము నడచి వచ్చినది కాదని అనుమానించి, ఆ గ్రంథాలయము బ్రదికియున్నచో ఒక ఉత్తరము వ్రాయుట మంచిది.

క్రొత్తగా ఈ వ్యసనములో దిగువారు నెహ్రూ, చర్చిలు సంతకముల వెంట పరుగెత్తి ధనమును పోగొట్టుకొనుచున్నారు. వారికి నా సలహా వేరు. మన విదేశనీతిని గూర్చి శివశంకర మీనన్ 2016లో వ్రాసినదియు, జైశంకర్ 2020లో వ్రాసినదియు నేడు ఏ దుకాణములోనైనను దొరకును. వానిలోని జోస్యములు ఇంకను తేలలేదు. మన ఇంటి వ్యవహారమే కావలెనన్నచో, ఆంధ్రప్రదేశ్ విభజనను గూర్చి జైరాం రమేశ్ 2016లో ప్రకటించిన ఆంగ్లగ్రంథమును, ఉండవల్లి అరుణ్‌కుమార్ 'విభజన కథ'ను జంటగా కొనవలెను. ఒకడు విభజన బిల్లును దిద్దిన పక్షమునను, మరియొకడు దానిని ఎదిరించిన పక్షమునను, ఒకే పార్టీలో, ఒకే పార్లమెంటులో నుండిరి. తొమ్మిదవ, పదవ షెడ్యూళ్ల ఆస్తుల తగవు నేటికిని తెగలేదు గనుక ఈ రెండింటిలో ఏ పుట చెల్లునో, ఏది చెల్లదో ఇంకను ఎవరికిని తెలియదు. రచయితలు సభలకు వచ్చుచునే యున్నారు, అడిగినచో సంతకము చేయుదురు. క్రింద తేది కూడ వేయుమని మరువక అడుగవలెను.